రెవెన్యూ మంత్రి ప్రకాశం గారి గురించి కూడా రాయండి

సంపాదకుల వారికి,

నమస్కారం.

ఏటా ఆగస్టు 23న టంగుటూరి ప్రకాశం పంతులు గారి జయంతి సందర్భంగా మీ పత్రికతో సహా తెలుగు పత్రికలన్నీ వ్యాసాలు వేస్తాయి. వాటిని శ్రద్ధగా చదివే వారిలో నేనొకణ్ణి. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్‌ను బహిష్కరిస్తూ మద్రాసులో జరిగిన ప్రదర్శనలో ఆయన తుపాకుల ఎదుట రొమ్ము చూపిన ఘట్టం వాటిలో తప్పకుండా ఉంటుంది. లక్షలు గడించిన బారిస్టరు ఆస్తంతా ఉద్యమానికి, పత్రికకు ధారపోసి చివరి రోజుల్లో ఇబ్బందులు పడిన సంగతి ఉంటుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన విషయమూ ఉంటుంది. ఇవన్నీ చెప్పుకోదగ్గవే, చెప్పుకోవలసినవే. అయితే 1937 జులై నుంచి 1939 అక్టోబరు వరకు ఆయన మద్రాసు రాష్ట్ర రెవెన్యూ మంత్రిగా చేసిన పనికి ఈ వ్యాసాల్లో ఒక వాక్యం మించి చోటు దక్కడం లేదు. కొన్నింటిలో ఆ వాక్యం కూడా ఉండదు. జీవితమంతా కోర్టుల్లో గడిపి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న న్యాయవాదిగా, ఒకప్పటి జమీందారీ గ్రామంలో పుట్టిన రైతు బిడ్డగా ఈ లోటు నన్ను బాధిస్తోంది. ప్రకాశం గారిలోని న్యాయవాది, ప్రజా నాయకుడు, పాలకుడు ముగ్గురూ ఒకే పనిలో కలిసి నిలబడింది ఆ రెండేళ్లలోనే అని నా దృఢమైన అభిప్రాయం. అందుకే ఈ ఉత్తరం కాస్త దీర్ఘంగా రాస్తున్నాను.

ఆ పని విలువ తెలియాలంటే ఆయన వకీలు వృత్తిలోకి ఎలా వచ్చారో ముందు తెలుసుకోవాలి. ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో 1872లో ఆయన పుట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్య గారు కరణం. ఆయన చనిపోయాక తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే ఉపాధ్యాయుడు చేరదీయడంతో చదువు సాగింది, రాజమండ్రి చేరడమూ ఆయన చలవతోనే జరిగింది. అక్కడ ప్రకాశం గారు సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ప్రాక్టీసు పెట్టి, కొద్ది కాలంలోనే గోదావరి జిల్లా వకీళ్లలో పేరు సంపాదించారు, ఆ ఊరి మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు. ఆ తరగతి ప్లీడర్లకు హైకోర్టులో వాదించే అర్హత లేదు. కింది కోర్టులో తాను గెలిపించిన కేసు అప్పీలుకు వెళ్తే, అక్కడ వేరొకరి చేతిలో పెట్టి చూస్తూ కూర్చోవాలి. ఈ అడ్డు తొలగించుకోవడానికి 1904లో ఇంగ్లండు వెళ్లి, బారిస్టరై తిరిగొచ్చి, 1907 నుంచి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు సాగించారు. సివిలు, క్రిమినలు రెండింటా ఆయనది పై చెయ్యే. 1921లో సహాయ నిరాకరణ పిలుపు మేరకు వృత్తిని వదిలి 'స్వరాజ్య' పత్రిక పెట్టే నాటికి మద్రాసులో అత్యధికంగా ఆర్జించే న్యాయవాదుల్లో ఆయన ఒకరు.

మామూలుగా జీవిత చరిత్రలు ఇక్కడి నుంచి నేరుగా ఉద్యమంలోకి వెళ్లిపోతాయి. నేను మరో మాట చెప్పదలచుకున్నాను. కోస్తా జిల్లాల్లో ఆ రోజుల్లో సివిలు వకీలు చేతికి వచ్చే కాగితాల్లో అధిక భాగం భూమికి సంబంధించినవే. పట్టాలు, కౌలునామాలు, తాకట్టు దస్తావేజులు, కరణం లెక్కలు, పైమాషీ రికార్డులు, ఇనాం పత్రాలు, లంక భూముల తగాదాలు. కరణం గారి ఇంట పుట్టి, ఈ దస్తావేజుల మధ్యే తలపండిన మనిషి, అరవై అయిదేళ్ల వయసులో రెవెన్యూ మంత్రిగా జమీందారీ సమస్యను చేతిలోకి తీసుకున్నప్పుడు, దాన్ని వేదికల మీది నినాదంగా చూడలేదు. టైటిలు ఎవరిది, దానికి ఆధారమేమిటి, హద్దులేమిటి అని అడిగే వ్యాజ్యంగా చూశారు.

ఆ వ్యాజ్యం మూలం 1802లో ఉంది. ఆ ఏడాది కంపెనీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో శాశ్వత పైసలా, అంటే శాశ్వత శిస్తు ఒప్పందం, ప్రవేశపెట్టి జమీందార్లకు సనదులు, అంటే హక్కు పత్రాలు, ఇచ్చింది. జమీందారు సర్కారుకు ఏటా కట్టవలసిన పేష్కష్ (కప్పం) ఎప్పటికీ మారదని 25వ రెగ్యులేషన్‌లో రాసుకుంది. రైతు జమీందారుకు ఎంత కట్టాలన్నది మాత్రం అంత స్పష్టంగా కాగితం మీదికి ఎక్కలేదు. పట్టాలు ఇవ్వాలని, వాటిలో శిస్తు రాయాలని అదే ఏడాది 30వ రెగ్యులేషన్ చెప్పినా, ఆచరణలో ఆ శిస్తు పెరుగుతూనే పోయింది. సర్కారుకు జమీందారు కట్టేది ఉన్నచోటే ఉంది, జమీందారుకు రైతు కట్టేది తరం తరానికీ పెరిగింది. మధ్యలోని తేడా అంతా దివాణాల పాలైంది.

భూమి ఎవరిది అన్న ప్రశ్న కోర్టుల్లో చాలా కాలం నలిగింది. జమీందారే యజమాని, రైతు ఆయన దయ మీద దున్నుకునే కౌలుదారు అని ఒక పక్షం వాదన. జమీందారుకు ఉన్నది మేలువారం (శిస్తుగా వచ్చే వాటా) మాత్రమే, కుడివారం (సాగుదారు హక్కు) మొదటి నుంచీ రైతుదే అని రెండో పక్షం వాదన. వెంకటనరసింహ నాయుడు, దండమూడి కోటయ్య అనే వాద ప్రతివాదుల కేసులో మద్రాసు హైకోర్టు 1897లో రెండో పక్షాన్ని బలపరిచింది. జమీందారీ రైతు ఇష్టం వచ్చినప్పుడు వెళ్లగొట్టగలిగే కౌలుదారు కాడని తేల్చింది. ఆ తీర్పు వెలుగులోనే 1908లో మద్రాసు ఎస్టేట్ల భూముల చట్టం వచ్చి, సాగులో ఉన్న రైతుకు ఆక్రమణ హక్కు, అంటే ఆ భూమిలో స్థిరంగా కొనసాగే హక్కు, ఇచ్చింది. ఒక పల్లెటూరి రైతు కేసు చట్టానికి దారి తీసిన ఈ ఉదంతం మన లా కాలేజీల్లో ఎంతమందికి చెబుతున్నారో నాకు అనుమానమే.

1908 చట్టం రైతును భూమి మీద నిలబెట్టింది గాని, శిస్తు భారం నుంచి కాపాడలేదు. ధరలు పెరిగాయని దావా వేసి శిస్తు పెంచుకునే వీలు జమీందారుకు ఉంది. ధాన్యం రూపంలో కట్టే పంట వాటాను రొక్కంలోకి మార్పించుకునే సెక్షన్లూ ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ధరలు బాగా ఉన్న కాలంలో ఇలా రొక్కానికి మారిన ఊళ్లు, 1930 తర్వాత ఆర్థిక మాంద్యంలో వడ్ల ధర సగానికి సగం పడిపోయేసరికి చితికిపోయాయి. శిస్తు రూపాయల్లో ఉన్నచోటే ఉంది, దాన్ని కట్టడానికి అమ్మవలసిన బస్తాలు రెట్టింపయ్యాయి.

మా ఇంట్లో ఒక పాత ట్రంకు పెట్టెలో మా తాతగారి కాలపు కిస్తీ రసీదులు కొన్ని మిగిలి ఉన్నాయి. అరచేతి వెడల్పు కాగితాలు, పైన ఎస్టేటు పేరు, కింద ఫసలీ (రెవెన్యూ సంవత్సరం), పట్టా నంబరు, శిస్తు, రోడ్డు సెస్సు, బకాయి, వడ్డీ అని గళ్లు. 1340వ ఫసలీ, అంటే ఇంగ్లీషు లెక్కలో 1930-31, దాటాక బకాయి గడి ఖాళీగా ఉన్న రసీదు ఒక్కటీ లేదు. ఒక రసీదు వెనక మా తాతగారి చేతిరాతతో ఎద్దు అమ్మిన ధర రాసి ఉంది. జప్తు భయంతో అమ్మారని నాన్నగారు చెప్పేవారు. బకాయి పడ్డ రైతు పంటను, సామగ్రిని జప్తు చేయించే అధికారం, కలెక్టరు ద్వారా భూమినే వేలం వేయించే అధికారం ఆ చట్టమే జమీందారుకు ఇచ్చింది. చెరువు కట్ట తెగితే బాగు చేయించడం మాత్రం ఏళ్ల తరబడి సాగేది. అడవిలో పుల్ల విరిచినా, బీట్లో పశువును తోలినా పుల్లరి అనే రుసుము కట్టాల్సిందే. ఇది ఒక్క మా ఊరి కథ కాదు, ఇచ్ఛాపురం నుంచి వెంకటగిరి దాకా జమీందారీ రైతులందరిదీ ఇదే గోడు.

1937 ఎన్నికల్లో కాంగ్రెసు మద్రాసు శాసనసభలో 215 స్థానాలకు 159 గెలుచుకుంది. అప్పటి దాకా ముఖ్యమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజా గారు తమ సొంత గడ్డ మీద వి.వి. గిరి గారి చేతిలో ఓడిపోయారు. జమీందారీ రైతు ఎంత విసిగి ఉన్నాడో చెప్పడానికి అంతకంటే నిదర్శనం అక్కరలేదు. రాజగోపాలాచారి గారి మంత్రివర్గంలో గిరి గారికి పరిశ్రమలు, కార్మిక శాఖలు, బెజవాడ గోపాలరెడ్డి గారికి స్థానిక పాలన, ప్రకాశం గారికి రెవెన్యూ వచ్చాయి. పదవి చేపట్టిన కొద్ది నెలల్లోనే ఉభయ సభల సభ్యులతో ఎస్టేట్ల భూముల చట్టంపై విచారణ సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు ప్రకాశం గారే. ఆ సమయంలోనే రైతు సంఘాల కార్యకర్తలు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా కాలినడకన రైతు రక్షణ యాత్ర చేశారు. నెల్లూరు 'జమీన్ రైతు' వంటి పత్రికలు జమీందారీ రైతు మాట వినిపిస్తున్నాయి. బయట ఉద్యమం, లోపల మంత్రి, రెండూ ఒకే దిశగా కదిలిన అరుదైన సందర్భమది.

ఆ సంఘం పని చేసిన తీరే నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకుంటుంది. మద్రాసులో సచివాలయం గదిలో కూర్చుని ఫైళ్ల మీద నివేదిక రాయలేదు. ప్రశ్నావళి తయారుచేసి పంపించింది, జిల్లాలకు వెళ్లింది, రైతులను, రైతు సంఘాల ప్రతినిధులను, జమీందార్లను, వారి వకీళ్లను, దివాన్లను పిలిచి సాక్ష్యాలు నమోదు చేసింది. శిస్తు రేట్లు, నీటి పారుదల, చెరువుల మరమ్మతు, అడవులు, పశువుల మేత, సర్వే, అక్రమ వసూళ్లు, ఇలా రైతు బతుకులో జమీందారు చెయ్యి పడే ప్రతి చోటా వివరం అడిగింది. అంతవరకూ దివాణం గుమాస్తా ముందు చేతులు కట్టుకుని నిలబడిన రైతు, రాష్ట్ర రెవెన్యూ మంత్రి ముందు నిలబడి తన కష్టం చెప్పుకుంటుంటే దాన్ని రాసుకునే మనిషి పక్కనే ఉన్నాడు. ఊరూరా ఆ వార్త పాకడమే ఒక పెద్ద మార్పు అని మా పెద్దలు చెప్పుకునేవారు. సాక్షి నోట వాస్తవం రప్పించడం వకీలుకు అబ్బిన విద్య. ప్రకాశం గారు ఆ విద్యను కక్షిదారు కోసం కాక కొన్ని లక్షల కుటుంబాల కోసం వాడారు.

1938 నవంబరులో వచ్చిన నివేదిక సారాంశం ఇది. భూమికి యజమాని రైతే. జమీందారు సర్కారు తరఫున శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే, భూమి మీద అంతకు మించిన హక్కు శాశ్వత పైసలా అతనికి ఇవ్వలేదు. పేష్కష్ ఎలా శాశ్వతంగా నిర్ణయమైందో, రైతు కట్టవలసిన శిస్తూ అలాగే శాశ్వతంగా నిర్ణయమైందని, కాబట్టి పైసలాకు ముందటి ఏడాది ఉన్న రేటుకే శిస్తు దించాలని సంఘం అధిక సంఖ్యాకులు సిఫార్సు చేశారు. అంటే నూట ముప్పై ఏళ్లకు పైగా పెరిగిన శిస్తు అంతటినీ చట్టవిరుద్ధమన్నారు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, జమీందార్లు తమ హక్కుకు ఆధారంగా చూపించే సనదునే చేతిలోకి తీసుకుని, దాన్ని వారి మీదికే తిప్పారు. కోర్టులో ప్రతివాది దాఖలు చేసిన దస్తావేజుతోనే ప్రతివాదిని ఓడించడం ఎంత కష్టమో వృత్తిలో ఉన్నవారికి తెలుసు.

ఆ నివేదికలో లోపాలు లేవని నేను అనడం లేదు. మొదటిది, విచారణ జరిపే సంఘానికి సంబంధిత శాఖ మంత్రే అధ్యక్షుడు కావడం. తీర్పరి పీఠంలో కూర్చున్న వ్యక్తే ఒక పక్షం వకీలుగా వాదించినట్టు ఉందని ఆనాడు జమీందార్ల తరఫు వారు ఆక్షేపించినప్పుడు, ఆ ఆక్షేపణలో పస లేదని కొట్టిపారేయలేం. నివేదిక చదివితే అది న్యాయమూర్తి తీర్పులా కాక ఉద్దండుడైన న్యాయవాది వాదనలా సాగుతుంది. 1802కు ముందు కాలపు రేట్లను ఊరూరా తేల్చడం ఎంతవరకు సాధ్యమన్న ప్రశ్నకు కూడా అందులో తృప్తికరమైన జవాబు కనబడదు. వీటన్నిటికంటే పెద్ద లోటు మరొకటి ఉంది. నివేదిక మాట్లాడింది పట్టా ఉన్న రైతు గురించి. ఆ రైతు దగ్గర కౌలుకు చేసిన వారు, పాలేర్లు, కూలి మీద బతికిన దళిత కుటుంబాలు ఆ వాదన అంచుల్లోనే మిగిలిపోయారు. ఆనాటి కాంగ్రెసు రైతు రాజకీయాలకంతటికీ ఉన్న పరిమితే ఇది అయినా, లక్షల మంది తరఫున వాదించిన వ్యక్తి వారి తరఫున కూడా వాదించి ఉంటే ఎంత బాగుండేదని నాకు అనిపిస్తుంది.

నివేదిక శాసనసభలో చర్చకు వచ్చినా, చట్టం కాకముందే 1939 అక్టోబరు చివర మంత్రివర్గం రాజీనామా చేసింది. భారత ప్రజలను అడగకుండా దేశాన్ని యుద్ధంలోకి దించినందుకు నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గాలన్నీ వైదొలగిన సందర్భమది. అందులో తప్పుపట్టడానికి లేదు. కాని నివేదిక వచ్చిన నాటికీ రాజీనామాకూ మధ్య దాదాపు ఏడాది గడిచింది. అదే ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టాన్ని ఎంత పట్టుదలతో తెచ్చిందో చూస్తే, జమీందారీ విషయంలో అంత తొందర కనబరచలేదని ఒప్పుకోక తప్పదు. జమీందార్లు కాంగ్రెసు పెద్దల దాకా మొర పెట్టుకున్నారు. కలిగిన నష్టం మాత్రం రైతుది. మరో ఎనిమిదేళ్లు పాత శిస్తే కట్టాడు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947లో, ఎస్టేట్లలో శిస్తు తగ్గింపు చట్టం వచ్చింది. 1948లో ఎస్టేట్ల రద్దు, రైతువారీ (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే పద్ధతి) మార్పిడి చట్టం వచ్చింది. అప్పటి రెవెన్యూ మంత్రి కళా వెంకటరావు గారు. ఈ చట్టాలు ప్రకాశం నివేదిక చెప్పిన దారిలో కాకుండా మరో దారిలో వెళ్లాయి. 1802 నాటి రేటు ఊసెత్తకుండా పక్క రైతువారీ గ్రామాల రేటుకు శిస్తు దించాయి, జమీందార్లకు పరిహారం ఇచ్చాయి. అయినా రైతుకు భూమి మీద స్వతంత్రమైన హక్కు ఉందని, జమీందారు మధ్యవర్తి మాత్రమేనని ఒక ప్రభుత్వం తరఫున అధికారికంగా, సాక్ష్యాధారాలతో సహా ముందే రాసి ఉంచింది ప్రకాశం సంఘమే. తర్వాతి శాసనకర్తలు ఆ పునాది మీదే నిలబడ్డారు. రద్దు చట్టం ఘనత గురించి రాసేటప్పుడు ఈ సంగతి విడిచిపెట్టడం న్యాయం కాదు.

1946 ఏప్రిల్ 30న ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయ్యారు, అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. పదకొండు నెలలు కూడా నిండకుండా, 1947 మార్చిలో, సొంత పార్టీ వారే దించేశారు. ఫిర్కా (కొన్ని గ్రామాల సముదాయం) అభివృద్ధి పథకం ఆ కాలపు మంచి పని. ఖద్దరు కోసం కొత్త బట్టల మిల్లులు వద్దన్న విధానం మీద పార్టీలోనే రెండు పక్షాలయ్యాయి. అయితే 1947 జనవరిలో ప్రజాభద్రత పేరిట తెచ్చిన ఆర్డినెన్సు కింద కమ్యూనిస్టు నాయకులను, రైతు కూలి కార్యకర్తలను విచారణ లేకుండా నిర్బంధించడం మాత్రం నాకు ఎప్పుడు తలచుకున్నా కష్టంగా ఉంటుంది. ఆయన స్వయంగా ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గినవారు, నిందితుల పక్షాన ప్రాణం పెట్టి వాదించినవారు. తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్య కేసులో నిందితుల్లో ఒకరి తరఫున నిలబడిన న్యాయవాది, పాలకుడిగా విచారణ లేని నిర్బంధానికి సంతకం పెట్టడం ఆయన అభిమానులు కూడా దాటవేయకూడని విషయం. జయంతి వ్యాసాల్లో ఇది కనిపించదు. కనిపించాలి. పెద్ద మనిషి గురించి పూర్తిగా చెప్పడమే ఆయనకు ఇచ్చే గౌరవం అని నేను నమ్ముతాను.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆయన వయసు ఎనభై దాటింది. ఏడాదికి పైగా సాగిన ఆ ప్రభుత్వ కాలంలో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, గుంటూరులో రాష్ట్ర హైకోర్టు ఏర్పాటయ్యాయి. ఒకప్పుడు హైకోర్టు గడప తొక్కే అర్హత కోసం సముద్రాలు దాటిన సెకండ్ గ్రేడ్ ప్లీడరు ముఖ్యమంత్రిగా ఉండగానే ఆంధ్రులకు సొంత హైకోర్టు వచ్చింది. మద్యనిషేధం వివాదంలో 1954 నవంబరులో ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఈ భాగం పాఠకులకు తెలిసిందే గనుక పొడిగించను.

ఇప్పుడు ఈ సంగతులన్నీ ఎందుకంటారా? భూమి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న తెలుగు రాష్ట్రాల్లో ఇంకా సజీవంగానే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో భూ హక్కుల చట్టం ఒకటి వచ్చి, రైతుల్లో ఆందోళన రేపి, 2024లో రద్దయింది. తెలంగాణలో భూ రికార్డుల వ్యవస్థ ధరణి పోయి 2025లో భూ భారతి వచ్చింది. ఏ ప్రభుత్వం మంచిది, ఏది చెడ్డది అన్న చర్చలోకి నేను దిగడం లేదు. చట్టం రాయకముందు ఊళ్లకు వెళ్లి, ఆ చట్టం ఎవరి మీద పడుతుందో వారి నోట సాక్ష్యం తీసుకుని, అది అచ్చువేసి, సభ ముందు పెట్టి, ఆ తర్వాత చట్టం గురించి మాట్లాడే పద్ధతి 1938లోనే మనకు ఉంది. కంప్యూటర్లు, ఫోన్లు లేని రోజుల్లో సాధ్యమైన ఆ పద్ధతి ఇప్పుడు ఎందుకు సాధ్యం కావడం లేదన్నదే నా ప్రశ్న. రికార్డుల్లో పేరు తప్పు పడిన రైతు ఇవాళ మండల కార్యాలయం చుట్టూ, కలెక్టరేటు చుట్టూ అర్జీ పట్టుకుని తిరుగుతున్నాడు. అతని అనుభవం చట్టం రాసేవారి చెవిన పడే మార్గం ఏదీ సరిగ్గా లేదు.

కౌలు రైతు సంగతి మరీ దారుణం. ఆంధ్రప్రదేశ్‌లో కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చే 2011 చట్టం వచ్చింది, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం చేస్తేనే కార్డు దక్కుతుంది. సంతకం చేస్తే భూమి పోతుందన్న భయంతో యజమాని వెనకాడతాడు, సంతకం లేక కౌలుదారు బ్యాంకు అప్పుకూ, పంట నష్ట పరిహారానికీ దూరమవుతాడు. ప్రకాశం సంఘం విడిచిపెట్టిన ప్రశ్న సరిగ్గా ఇదే. పట్టా లేకుండా దున్నేవాడి హక్కు ఏమిటి? ఆనాటి విచారణ లాంటిది ఇవాళ కౌలుదారుల కోసం జరగాలి. శాసనసభ సంఘం జిల్లాలకు వెళ్లాలి, కౌలుదారులనూ యజమానులనూ ఒకే చోట కూర్చోబెట్టి వినాలి, విన్నది అచ్చువేయాలి. యజమాని భయాన్నీ గౌరవించి, కౌలుదారు అవసరాన్నీ గుర్తించే మార్గం అలాంటి విచారణలోనే దొరుకుతుంది.

ఇక నా విన్నపాలు. ఎస్టేట్ల భూముల చట్టం విచారణ సంఘం నివేదికను, ముఖ్యంగా తెలుగు జిల్లాల సాక్ష్యాలను, సామాన్య పాఠకులకు అర్థమయ్యే తెలుగులో, అందుబాటు ధరలో ప్రచురించే బాధ్యతను రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు కలిసి తీసుకోవాలి. ఒంగోలు కేంద్రంగా ఉన్న జిల్లాకు ఆయన పేరే పెట్టుకున్నాం, కృష్ణ మీది బ్యారేజీకి ఆయన పేరే పెట్టుకున్నాం. ఆయన సొంత చేతుల మీదుగా సాగిన ఈ పని ఆ జిల్లా గ్రంథాలయాల్లో కూడా ఒక పాఠకుడు అడిగితే దొరికేలా ఉండాలి. పాఠశాల పుస్తకాల్లో సైమన్ కమిషన్ ఘట్టం పక్కనే జమీందారీ విచారణకు ఒక పేజీ కేటాయించాలి. న్యాయ కళాశాలల్లో భూ చట్టాలు బోధించేటప్పుడు 1897 నాటి కోటయ్య కేసు నుంచి 1948 చట్టం దాకా ఒకే కథగా చెప్పాలి, అందులో ప్రకాశం నివేదిక ఒక అధ్యాయం కావాలి. ఇవి ఖర్చుతో కూడుకున్న పనులు కావు, పూనుకునేవారు ఉంటే ఏడాదిలో అయ్యేవి.

మీ పత్రిక వరకు నేను కోరేది ఒకటుంది. రాబోయే జయంతికి పూర్వపు జమీందారీ గ్రామాల్లో ఇంకా మిగిలి ఉన్న పట్టాలు, కిస్తీ రసీదులు, జప్తు నోటీసులు, ఇళ్లలో పెద్దలు చెప్పుకునే సంగతులు పంపమని పాఠకులను అడగండి. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, నూజివీడు, చల్లపల్లి, మునగాల, వెంకటగిరి, ఏ ప్రాంతమైనా సరే, అటకల మీద ఇలాంటి కాగితాలు చెదలకు వదిలేసిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. మరో పదేళ్లు గడిస్తే వాటిని చదివి చెప్పగలిగిన వారు మిగలరు. పాత కరణాల గొలుసుకట్టు రాత చదవడం నాకు కొంత వచ్చు. మీరు పూనుకుంటే ఆ పనిలో చేతనైన సాయం చేయడానికి సిద్ధంగా ఉన్నాను. మా ఇంట్లోని రసీదుల నకళ్లు ఈ ఉత్తరంతో జతపరుస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత న్యాయవాది,
కృష్ణా జిల్లా